దీపం కింద పంట: ముందు కొలవండి, తర్వాత కొనండి

దామరచర్ల సెంటర్లో టీ కొట్టు దగ్గర మొన్న ఒక యువరైతు ఆపి ఫోను చూపించాడు. ఫోనులో ఒక గది. గది నిండా వంగపండు రంగు వెలుతురు. ఆ వెలుతురు కింద అరల మీద అరలుగా మొక్కలు. "అన్నా, ఎండే అక్కర లేదంట. ఎకరం పంట ఒక్క రూములో వస్తదంట. మిర్యాలగూడల లైటు చేసిస్తమంటున్నరు. నాకున్నది ఎకరం పది గుంటలు. పెట్టమంటవా, వద్దంటవా?" అని అడిగాడు.

అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. తర్వాత నాలుగు చోట్ల తిరిగి చూసింది, కాగితం మీద లెక్క వేసింది ఇక్కడ రాస్తున్నాను. ఎల్ఈడీ దీపం మీద నాకు కోపం లేదు. కొలవకుండా డబ్బు పెట్టడమే తప్పంటాను. చిన్న రైతు ఒక్కసారి దెబ్బ తింటే లేవడానికి మూడేళ్లు పడుతుంది.

ఈ వీడియోలు ఎక్కడివి?

ఫోనులో మన పిల్లలు చూసే దీపాల వీడియోలు చాలావరకు అమెరికా, కెనడాలవి. అక్కడ గదుల్లో దీపాల కింద పెంచే పంటల్లో పెద్దది గంజాయి. కెనడా 2018 అక్టోబరులో దాన్ని చట్టబద్ధం చేసింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అంతకుముందే చేశాయి. గ్రాముల లెక్కన అమ్ముడుపోయే సరుకు కాబట్టి వాళ్లకు కరెంటు బిల్లు ఒక లెక్క కాదు. అదే దీపం కింద మనం కొత్తిమీర పెడితే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఆ సంగతి వీడియోలో ఎవరూ చెప్పరు.

మన దేశంలో గంజాయి మొక్క పెంచడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పొలంలో పెంచినా, గదిలో పెంచినా ఒకటే. 2018లో హైదరాబాద్ మణికొండలో ఫ్లాటులో దీపాలు పెట్టి గంజాయి పెంచుతున్న వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి మీ బాయికాడి షెడ్డు మంచి కిరాయికి అడిగితే, లోపల ఏం పెడతారో కనుక్కోండి. తెలిసి చోటిచ్చిన యజమానికీ ఆ చట్టంలో శిక్ష ఉంది.

డబ్బా మీద 1000, మీటరులో 120

ఒక రైతు ఇంట్లో కొత్తగా కొన్న దీపం చూశాను. డబ్బా మీద 1000 వాట్లని పెద్ద అక్షరాలు. ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు, బల్బులు అన్నీ ఆపేసి ఆ దీపం ఒక్కటే వెలిగించాం. కరెంటు మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంది కదా, దాన్ని 5 నిమిషాలు లెక్కబెట్టాం. 32 సార్లు మిణికింది. ఆ మీటరు మీద యూనిట్‌కు 3200 అని రాసి ఉంది. అంటే 3200 సార్లు మిణికితే ఒక యూనిట్. 32 సార్లంటే యూనిట్‌లో నూరో వంతు, అంటే పది వాట్ల గంట. అది 5 నిమిషాల ఖర్చు. గంటకు 12 రెట్లు వేస్తే 120 వాట్లు. డబ్బా మీదున్న దాంట్లో ఎనిమిదో వంతు!

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. మీ మీటరు మీద 3200 బదులు వేరే అంకె ఉంటే దానితోనే లెక్క వేయండి. షాపతను వాట్లు చెబితే నమ్మకండి, మీటరు చెబితే నమ్మండి.

అల్యూమినియం రేకుకు ఎల్ఈడీ పట్టీలు బిగించి, డ్రైవర్ పెట్టి ఇదే 120 వాట్ల దీపాన్ని ఊళ్లో ఎలక్ట్రీషియనే చేసిస్తాడు. చవకగా వస్తుంది, పాడైతే బాగు చేసుకోవచ్చు. అయితే రేకు పలచగా ఉంటే వేడెక్కి పట్టీలు తొందరగా మసకబారతాయి. గంటసేపు వెలిగించి, ఆపేసి, రేకు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనించలేకపోతే రేకు సరిపోలేదన్నమాట. నీళ్లు చల్లే చోట ఎర్తింగు లేకుండా మాత్రం వెలిగించొద్దు. ప్రాణం కంటే పంట ఎక్కువ కాదు.

ఎండతో పోటీ పడగలదా?

నడి మధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్సులు. లక్సు అంటే వెలుతురుకు కొలత. సగం నీడనిచ్చే షేడ్‌నెట్ కింద 50 వేలు. దట్టంగా మబ్బు పట్టిన రోజు 10 నుంచి 20 వేలు. మనం చేయించుకున్న 120 వాట్ల తెల్ల దీపం వెలుతురంతా ఒక్క చదరపు మీటరు మీదే పడినా 15 వేలు దాటడం కష్టం. అంటే రోజంతా వెలిగించినా మబ్బు రోజుతో సమానం.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ఆ దీపం రోజుకు 12 గంటలు వెలిగితే 1.44 యూనిట్లు. ఒక గుంట అంటే సుమారు 100 చదరపు మీటర్లు. గుంటకు 100 దీపాలు, రోజుకు 144 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే రోజుకు వెయ్యి రూపాయల పైమాటే. కొత్తిమీర చేతికి రావడానికి నెల పైన పడుతుంది. అంటే గుంట కొత్తిమీరకు 30 వేల రూపాయల కరెంటు. దీపాల ధర, గది, కూలి ఇందులో కలపలేదు. గుంట కొత్తిమీర మీద 30 వేలు వచ్చే మార్కెట్ ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

సూర్యుడు మాత్రం మన దగ్గర చదరపు మీటరుకు రోజుకు సగటున 5 యూనిట్లకు పైగా శక్తి కురిపిస్తున్నాడు. బిల్లు లేదు. ఆ ఎండను వదిలేసి గదిలోకి పోవడమెందుకు?

నారు సాగిపోతోందని దీపం కొనబోయే మిరప రైతులు కూడా ఆగాలి. ట్రేల మధ్య ఎడం పెంచండి, మబ్బు రోజుల్లో షేడ్‌నెట్ పక్కకు తీయండి. చాలాసార్లు అక్కడికే సరిపోతుంది. గేదెలకు ట్రేలలో మొలకెత్తించే మొక్కజొన్న గడ్డికీ దీపాలు అంటగడుతున్నారు. వారం రోజుల ఆ గడ్డి గింజలోని బలంతోనే పెరుగుతుంది. కిటికీ వెలుతురు చాలు.

వంగపండు రంగు వద్దు

లక్సు మీటరు మనిషి కంటికి కనిపించే వెలుతురును కొలుస్తుంది. ఎరుపు, నీలం కలిపిన వంగపండు రంగు దీపం కింద అది చాలా తక్కువ చూపిస్తుంది, లెక్క తప్పుతుంది. ఆ దీపాన్ని సరిగ్గా కొలిచే మీటరు ధర చిన్న రైతుకు అందేది కాదు. పైగా ఆ రంగులో ఆకు మీద మచ్చ, పురుగు కనబడవు. దీపం చేయించుకోక తప్పకపోతే తెల్లదే చేయించుకోండి. మొక్క తల ఎత్తులో మీటరు పెట్టి, నాలుగు మూలలు, నడుమ కలిపి కనీసం అయిదు చోట్ల కొలిచి సగటు తీయండి. దీపం కింద నడిమధ్య ఒక్కచోటే కొలిచి చూపిస్తే అది మోసం.

దీపం పనికొచ్చే చోట

దీపం మొక్కకు అన్నం పెట్టలేకపోయినా కబురు చెప్పగలదు. కంది చేను అంచున వీధి దీపం పడ్డ చోట మొక్కలు పచ్చగా పెరుగుతూనే ఉంటాయి, పూత ఆలస్యమవుతుంది. రాత్రి చిన్నదయిందని మొక్క అనుకోవడమే కారణం. దీన్నే కొందరు లాభానికి వాడుకుంటున్నారు. డ్రాగన్ ఫ్రూట్‌కు రాత్రి చిన్నదయితేనే పూత వస్తుంది. వియత్నాంలోని బిన్ తువాన్ ప్రాంతంలో ఏనాటినుంచో చలికాలం రాత్రుల్లో తోటలో బల్బులు వెలిగించి కాపు తీస్తున్నారు. మన సంగారెడ్డి, అనంతపురం వైపు రైతులు కూడా ఎల్ఈడీ బల్బులతో ఆ పని చేస్తున్నారు. చామంతికి ఇదే దీపం పూతను వెనక్కి నెడుతుంది.

ఇక్కడ లెక్క వేరు. 9 వాట్ల బల్బులు 100, రాత్రికి 4 గంటలు వెలిగినా 3.6 యూనిట్లు. పాతిక రూపాయలు. అయితే డ్రాగన్ తోటకు స్తంభాలతో సహా ఎకరాకు లక్షల్లో పెట్టుబడి. తోట ఉన్నవాళ్లకు దీపం లాభం. దీపం కోసం తోట పెట్టడం తెలివి కాదు.

వరి రైతుకు దీపపు ఎర ఉండనే ఉంది. నీళ్లలో కాస్త కిరసనాయిలు వేసిన తొట్టి మీద ఒక బల్బు వేలాడదీసి, పొద్దు గూకినప్పటి నుంచి తొమ్మిదింటి దాకా వెలిగించండి. కాండం తొలుచు పురుగు రెక్కల పురుగులు ఎన్ని పడ్డాయో రోజూ లెక్కబెడితే మందు ఎప్పుడు కొట్టాలో తెలుస్తుంది. తెల్లార్లూ వెలిగిస్తే మేలు చేసే పురుగులు కూడా చస్తాయి.

మన పక్కనే కరెంటు, అయినా ఉచితం కాదు

వీర్లపాలెం దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగింది. 2024 డిసెంబరులో అందులో మొదటగా ఒక 800 మెగావాట్ల యూనిట్‌ను ప్రారంభించారు. పొగగొట్టాలు మన చేల మీదికే కనబడుతున్నాయి కదా అని కరెంటు మనకు ఊరికే రాదు. ఉచిత కరెంటు ఇచ్చింది బోరు మోటారుకు. ఆ లైను నుంచి దీపాల గదికి తీగ లాగితే కేసవుతుంది. లైటింగుకు వేరే కనెక్షన్ ఎంత పడుతుందో ముందే విద్యుత్ సెక్షన్ ఆఫీసులో ఏఈని అడగండి.

అధికారులకు ఒక మాట

విత్తన సంచి మీద మొలక శాతం రాయాలని నిబంధన ఉంది. మందు డబ్బా మీద మందు శాతం ఉంటుంది. రైతుకు అమ్మే దీపం మీద అసలు వాట్లు, అసలు వెలుతురు ఎందుకు రాయించరు? కంపాసాగర్, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాల్లో మట్టి పరీక్షల్లాగే దీపాల పరీక్ష కూడా పెట్టాలి. వెలుతురు కొలిచే మంచి మీటరు కేంద్రానికి ఒకటి చాలు. రైతు కొన్నది, చేయించుకున్నది తెస్తే కొలిచి చీటీ రాసివ్వాలి. పదిమంది రైతులు నష్టపోయే డబ్బుతో పోలిస్తే ఆ మీటరు ఖరీదు ఎంత?

ఆ తమ్మునికి నా జవాబు ఇదే. నీ ఎకరం పది గుంటల మీద పడే ఎండ ఏ దీపమూ ఇవ్వలేదు. దాన్ని కూరగాయల పందిళ్లకు, నారుమళ్లకు వాడుకో. దీపం మీద ఆశ చావకపోతే ఒక్కటి తెచ్చుకొని, మీటరు మిణుకులు లెక్కబెట్టి, ఒక్క ట్రే కొత్తిమీర పెంచి చూడు. ఖర్చు ఒక పక్క, అమ్మకం ఒక పక్క రాసుకో. ఆ కాగితం చూసినాక రెండో దీపం కొనాలో వద్దో నన్ను అడగాల్సిన పని ఉండదు.