ఇళ్ళ కొనుగోలులో సర్వే రిపోర్టులు: చూడవలసిందేమిటి?

వడమాలపేట: బ్యాంకువారు ఇల్లు చూసి అప్పు మంజూరు చేశారంటే ఆ ఇంటికి ఇక ఏ ఢోకా లేదనే నమ్మకం పల్లెల్లో బలంగా వుంది. తిరుపతికి, రేణిగుంట విమానాశ్రయానికి దగ్గరగా, చెన్నై రోడ్డు మీద వుండడంతో వడమాలపేట చుట్టుపక్కల స్థలాలు, కట్టిన ఇళ్ళు చేతులు మారుతున్నాయి. పొలం అమ్మిన సొమ్మో, కువైట్ నుంచి పిల్లలు పంపిన సొమ్మో, దానికి తోడు బ్యాంకు అప్పు. ఒక కుటుంబం జన్మలో ఒక్కసారి చేసే బేరం ఇది. అయితే బ్యాంకు చేయించే రిపోర్టు బ్యాంకు కోసమేగాని కొనేవాని కోసం కాదన్నది గ్రహించవలసి వుంది.

బ్యాంకు పంపే ఇంజనీరు ముఖ్యంగా తేల్చేది, అప్పు తీరకపోతే ఇల్లు అమ్మి బాకీ రాబట్టుకోవచ్చునా అన్నదే. అందుకే ఆ రిపోర్టులో సాధారణంగా మూడు ధరలు వుంటాయి. ఒకటి మార్కెట్ ధర. రెండవది అమ్మితే నిజంగా చేతికొచ్చే ధర. మూడవది అవసరం ముంచుకొచ్చి అమ్మితే వచ్చే ధర. కొనేవారు మొదటి అంకె చూసి సంతోషిస్తారు. బేరమాడేటప్పుడు గుర్తుంచుకోవలసింది కడపటి అంకె. ఇక కట్టడం స్థితి 'ఫెయిర్' అనో, 'కంటితో చూసినంతవరకు' అనో రాస్తారు. అంటే పునాది తవ్వలేదు, పూత గీకలేదు, మిద్దె మీద నీళ్ళు నిలిపి చూడలేదు అని అర్థం. ఇల్లు ఇంకా ఇన్నేళ్ళు మన్నుతుందన్న అంకె కూడా చాలాసార్లు కట్టడానికి వుండే సాధారణ ఆయుష్షులోంచి ఇంటి వయస్సు తీసివేయగా వచ్చినదే.

కాబట్టి రిపోర్టు చేతికి వచ్చినా నమ్మకమైన మేస్త్రిని వెంటబెట్టుకుని ఇల్లు చూడడం తప్పదు. చూడడానికి అనువైన కాలం ఎండాకాలం కాదు. యీ ప్రాంతానికి గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. 2021 నవంబరు వానలకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించారు. తిరుపతి శ్రీకృష్ణానగర్‌లోనైతే ఒక ఇంట్లో భూమిలో పాతిన సిమెంటు వరల నీటితొట్టి పైకి లేచి నిలిచింది. నేల కింద నీరు ఊరితే ఏమవుతుందో జిల్లా ప్రజలు కళ్ళారా చూశారు. వానల తర్వాత గోడ అడుగున చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కిందో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. కొత్తగా సున్నం వేసిన గోడ ఒక్కటే వుంటే ఆ ఒక్కదానికే ఎందుకు వేశారని అడగాలి. పూతలో వెంట్రుకవాసి గీతలకు భయపడనక్కరలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన బీట, వేలు దూరేంత బీట వుంటే పునాది కుంగినదేమో ఇంజనీరుకు చూపాలి. స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు కమ్మీలు కనిపిస్తే ఆ ఖర్చు చిన్నది కాదు. పాత మిద్దె ఇళ్ళలో దూలం చివర గోడలోకి దిగినచోట చెదలు వుందేమో తట్టి చూడాలి.

ఇల్లు గట్టిదే అనుకుందాం, హక్కు మాట ఏమిటి? సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే ఈసీలో లావాదేవీలు లేవని వస్తే అంతా సవ్యమేనని అనుకోవడం పొరపాటు. రిజిస్టరైన దస్తావేజులు మాత్రమే అందులో కనిపిస్తాయి. అన్నదమ్ముల నోటిమాట పంపకాలు, రిజిస్టరు కాని వీలునామా, చేతిరాత అగ్రిమెంటు, ఒరిజినల్ పత్రాలు కుదువబెట్టి తెచ్చిన అప్పు అందులో లేకపోవచ్చు. అమ్మేవారి దగ్గర జిరాక్సులే వుంటే ఒరిజినల్ ఎక్కడుందని నిలదీయాలి. వట్టి జీపీఏ మీద జరిగిన అమ్మకంతో హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

భూముల రీసర్వేపై కూడా అపోహలున్నాయి. రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న మొదలైన ఆ సర్వేలో డ్రోన్లు, రోవర్లతో హద్దులు కొలిచారు. రీసర్వే పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల స్థానే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. పాత దస్తావేజులో ఒక నంబరు, కొత్త రికార్డులో మరొకటి వుంటే రెండూ ఒకే స్థలమని రుజువు చూపవలసింది అమ్మేవారే. పలువురి పేర్లు ఒకే ఎల్‌పీఎంలో కలిసివుంటే, విడదీయించిన తర్వాతే బయానా మాట ఎత్తడం మేలు. హక్కుకు తిరుగులేని ముద్ర వేస్తామన్న భూహక్కు చట్టం 2023 అక్టోబరులో అమలుకు వచ్చి 2024లో రద్దయింది. ఆ చట్టంపై జనం భయం అకారణం కాదు. కాని రద్దుతో హక్కు పరిశీలించే భారం మళ్ళీ కొనేవాని నెత్తినే పడిందన్నది కూడా నిజం.

గ్రామకంఠం ఇళ్ళ విషయంలో చిక్కు మరొకటి. వీటికి దస్తావేజులో చెక్కుబందీయే ఆధారం. పంచాయతీ ఇంటిపన్ను రసీదు స్వాధీనాన్ని చూపుతుందేగాని హక్కు పత్రం కాదు. 1977 నాటి చట్టం కింద అసైన్డు భూములకు అమ్మకంపై ఆంక్షలున్నాయి. తర్వాతి సవరణల్లో కొన్ని సడలింపులు వచ్చినందున తహశీల్దారు ఆఫీసులో విచారించాలి. 22-ఏ నిషేధిత జాబితాలో నంబరు వుందేమో, స్థలం కాలువ పోరంబోకు మీదికి జరిగిందేమో చూడాలి.

కొలతలోనూ మోసపోయే వీలుంది. యీ వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు. 2022లో ఇదే తిరుపతి జిల్లాలో కలిసిన నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు నెల్లూరు లెక్క ప్రకారం 72. నలభై అంకణాలంటే ఇక్కడ 160 గజాలు, అక్కడ 320. దస్తావేజులో చదరపు గజాలు రాయించుకోవడం శ్రేయస్కరం.

ఇంగ్లండులో కొనేవాడే సర్వేయరును పెట్టుకుంటాడు. ఆ రిపోర్టులో ఇంటి భాగాలకు 1, 2, 3 అని గుర్తులు వేస్తారు. 3 అంటే వెంటనే బాగుచేయవలసినది లేదా లోతుగా పరీక్షించవలసినది. దాన్నిబట్టి ధర తగ్గించమంటారు, లేదా బేరం మానుకుంటారు. ఇక్కడ ఆ అలవాటు లేదు. గ్రామ సచివాలయాల్లో సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు పోస్టులు పెట్టినప్పుడే, నిర్ణీత రుసుముతో కొనేవారికి ఇల్లు చూసి రిపోర్టు ఇచ్చే ఏర్పాటూ చేసి వుండవలసింది. ఇప్పటికైనా చేయవచ్చు.

ఆస్తిలోగాని హక్కులోగాని పైకి కనిపించని లోపం తనకు తెలిసివుంటే అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటోంది. మామూలు జాగ్రత్తతో కనిపించే లోపానికి మాత్రం ఆ రక్షణ లేదు. అందుచేత బయానా ఇచ్చేముందు అగ్రిమెంటులో రెండు మాటలు రాయించుకోవాలి: సర్వేయరు కొలతలో స్థలం తగ్గితే ఆ మేరకు ధర తగ్గాలని, హక్కులో లోపం బయటపడితే బయానా వాపసు ఇవ్వాలని. కొలత రోజున ఇరుగుపొరుగు వారికి నోటీసు వెళ్ళిందో లేదో చూసుకుని, హద్దుల స్కెచ్‌పై వారి సంతకాలు కూడా తీసుకుంటే తర్వాత తగాదాకు ఆస్కారం తగ్గుతుంది.