ఇంట నింపిన తూటాలు

అమెరికా సంయుక్తరాష్ట్రములలో వేటగాండ్రును, గుఱిపందెములయం దాసక్తి గలవారును, ఒకమాఱు కాల్చిన తూటాల యిత్తడిగొట్టములను పాఱవేయక, వానిని తమ యిండ్లలోనే శుభ్రపఱచి, మరల మందు నింపి, క్రొత్త గుండ్లు బిగించి వాడుకొనుట చిరకాలముగా నున్న యాచారము. ఇది రహస్యముగా జరుగు పని కాదు. తన వాడుకకు మాత్రమే నింపుకొనువానిని ఆ దేశపు కేంద్రశాసనము లైసెన్సు అడుగదు. అమ్మకమే వృత్తిగా చేయువాడు మాత్రము 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టము క్రింద లైసెన్సు పొందవలయును. రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యమునకు మిగిలిన తుపాకిమందు చౌకగా బజారునకు వచ్చుటతో నీ యలవాటు మఱింత వ్యాపించినది.

మన దేశమున నిది చెల్లదు. 1878 నాటి ఆయుధచట్టము స్థానమున వచ్చిన 1959 నాటి చట్టము, తన 5వ సెక్షనులో, లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయరాదని నిషేధించినది. అట్లయిన నీ ప్రస్తావన యేల యని పాఠకు లడుగవచ్చును. అమెరికాలో కాపురము లేర్పఱచుకొన్న మనవారి పిల్లలు ఆ దేశపు వినోదములను గూడ నేర్చుకొందురు. వానిలో నిది యొకటి. అదియునుగాక, పైరుల రక్షణకై లైసెన్సుతో తుపాకి నుంచుకొన్న మన రైతుకును, తాతలనాటి తుపాకిని గోడకు వ్రేలాడదీసికొన్న గృహస్థునకును, ఆ దేశమువారు తమ వ్రేళ్లను గన్నులను వెచ్చించి నేర్చుకొన్న పాఠములలో కొన్ని నేరుగా వర్తించును.

తూటాకు అంగములు నాలుగు: ఇత్తడిగొట్టము; దాని యడుగున దెబ్బ తగులగనే నిప్పు పుట్టించు ప్రైమరు, అనగా పూర్వపు టోపీతుపాకుల కేపు వంటిది; మందు; ముందు గుండు. వీనిలో మందు విషయమున 1884లో పెద్ద మార్పు కలిగినది. అంతవఱకు సురేకారము, బొగ్గు, గంధకము కలిపిన నల్లమందే యెల్లెడల వాడుకలో నుండెను. ఆ యేట పోల్ వియే యను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు పొగలేని మందును సిద్ధపఱచెను. నల్లమందు కాలమున గొట్టము నిండ పోయుటయే కొలత. మఱచి రెండవమాఱు పోసిన పొర్లిపోవును. పొగలేని మందు బలము మెండు, పరిమాణము కొంచెము. పిస్తోలు తూటాలలో నొక్కొకప్పుడది గొట్టపు టడుగున కొంచెముగా మాత్రమే కనబడును. పోసినచోటనే మరల పోసినను చోటు మిగులును. పైన గుండు బిగించిన పిమ్మట వెలుపలికి భేద మేమియు దెలియదు. ఆ రెండుపాళ్ల మందు పుట్టించు నొత్తిడి నోర్వలేక తుపాకి పగిలినపు డది కాల్చువాని మొగమునకు జానెడు దూరమున నుండును.

దీనికి విరుద్ధమైన తప్పు మందు పోయుటయే మఱచుట. అపుడు ప్రైమరు బలము మాత్రమే గుండును తుపాకి గొట్టములోనికి నెట్టి నడుమ నిలుపును. చప్పుడు చిన్నది, తూటా చెడిపోయిన దనుకొని కాల్చువాడు వెంటనే మఱియొకటి కాల్చును. దారి మూసికొనిపోయిన గొట్టములోనికి రెండవ గుండు పోయినపుడు గొట్టము ఉబ్బును, లేదా చీలును. చప్పుడులో నేమాత్రపు తేడా వినవచ్చినను ఆగి, తుపాకిని ఖాళీచేసి, గొట్టము ఈ చివరనుండి ఆ చివరకు వెలుతురు కనబడునో లేదో చూడవలయును. ఇంటి తూటాలకే కాదు, కొన్న తూటాలకును నియమ మిదియే.

మా యభిప్రాయమున నీ పనిలోని యసలు ప్రమాదము మందు స్వభావమున లేదు. తప్పునకును దాని ఫలమునకును నడుమనున్న వ్యవధిలో నున్నది. కూరలో నుప్పెక్కువైన నా పూటకే నాలుకకు దెలియును. ఇచట నట్లు కాదు. ఒక రాత్రి బల్లయొద్ద జరిగిన పొరపాటు నెలలకొలది పెట్టెలో నిద్రించి, యొకనాడు మేల్కొనును. ఆనాడు తుపాకి చేసినవాని చేతిలోనే యుండునను నియమము లేదు. కుమారుని చేతిలో నుండవచ్చును. నేర్చుకొన వచ్చిన మిత్రుని చేతిలో నుండవచ్చును. అందుచేతనే, పరుడు నింపిన తూటా నీవు కాల్చకుము, నీవు నింపినది పరున కీయకుము అను నియమము వారిలో పాదుకొన్నది. తుపాకులు చేయు కంపెనీలు పెక్కు ఇంటి తూటాలు వాడిన తుపాకికి తమ హామీ చెల్లదని యచ్చువేయుట యీ కారణముచేతనే.

మఱి యీ తప్పు చేయువా డెవడు? ప్రథమాభ్యాసి భయముతో పుస్తకము విప్పుకొని కూర్చుండును. మాకు భయము కలిగించువాడు అనుభవజ్ఞుడు. వేలకొలది తూటాలు నింపిన చేయి కన్నును సంప్రదింపదు. నడుమ ఫోను మ్రోగును; బిడ్డ పిలుచును; లేచివచ్చి యే గొట్టమునొద్ద నాపినదియు మఱచి, జ్ఞాపకమున్న దనుకొని సాగించును. కావున "జాగ్రత్తగా నుండుడు" అను హితబోధ యిచట వ్యర్థము. జాగ్రత్త తప్పిన క్షణమున గూడ పొరపాటు తనంతట కంటబడునట్లు పని నమర్చుకొనవలయును. చెక్కదిమ్మలో రంధ్రములు దొలిచి, మందు పోసిన గొట్టముల నందు నిలిపి, గుండ్లు బిగించుటకు ముందు దీపముపట్టి యొక్కొక్క గొట్టములోనికి చూచుట యట్టి యేర్పాటు. గొట్టములో సగముకంటె నెక్కువ చోటు నాక్రమించు మందునే యెన్నుకొనుట యంతకంటె మేలు. రెండవమాఱు పోసిన బల్లపై పొర్లి తానే చాటుకొనును. ఒక మందుడబ్బా మాత్రమే బల్లపై నుండుటయు, పని ముగియగనే కొలతపాత్రలోని మందును దాని డబ్బాలోనికే మరల్చుటయు నీ కోవలోనివే. పాత్రలో మిగిలిపోయిన పేరులేని మందును చూచి "ఇది ఫలానాదే" యని యూహించుట మహాపరాధము. తుపాకిమందులన్నియు చూపునకు దగ్గఱ పోలికలు. మండు వేగములలో నెంతయో యంతరము. వడిగా మండు పిస్తోలు మందును రైఫిలు తూటాలో నింపినవానికి రెండవ యవకాశము దొరకుట యరుదు.

తూకము సంగతి మన కంసాలికి చెప్పిన వెంటనే గ్రహించును. ఈ పనిలో కొలమానము గ్రెయిను. పౌనుకు 7000 గ్రెయినులు. మన గురిగింజ రమారమి రెండు గ్రెయినులు తూగును. త్రాసుకాడపై నున్న చిన్న పడికట్టు ఒక గంటు ప్రక్కకు జరిగినచో తూకము 5 గ్రెయినులు తప్పవచ్చును. చిన్న పిస్తోలు తూటాకు వేయవలసిన మందు మొత్తమే యొక్కొకప్పు డంతకు మించదు. కనుక తెలిసిన తూనికరాయితో త్రాసును పరీక్షింపక పని మొదలుపెట్టరాదు. ఇంకొక చిక్కు పాతకాలపు మాట మిగులుటవలన వచ్చినది. అమెరికా తూటాల పెట్టెలపై "ఇన్ని డ్రాములకు సమానము" అని యిప్పటికిని అచ్చువేయుదురు. అది పూర్వపు నల్లమందు ఇన్ని డ్రాములు వేసిన కలుగు వేగముతో సమానమని చెప్పు మాట. లోపలి మందు తూకము కాదు. దానిని తూకముగా గ్రహించి యన్ని డ్రాముల పొగలేని మందు కొలుచువాడు బాంబు చేసికొన్నట్లే.

మన పాఠకులలో పన్నెండు బోరు తుపాకి గలవారు తప్పక యెఱుంగవలసిన సంగతి యొకటి కలదు. ఇరువది బోరు తూటా పన్నెండు బోరు గొట్టమున జాఱి, కొంత దూరము పోయి చిక్కుకొనును. వెనుకనుండి చూచువానికి గది ఖాళీగా కనబడును. వాడు పన్నెండు బోరు తూటా పెట్టి కాల్చిన రెండును నొక్కసారి పేలి గొట్టమును చీల్చును. ఈ కారణముచేతనే యిరువది బోరు తూటాలకు పసుపురంగు నిర్ణయించిరి. జేబులో రెండు రకములును కలియ నుంచుకొనువానిని రంగు గూడ కాపాడలేదు. అట్లే తాతలనాటి తుపాకి గొట్టముపై మెలికలు మెలికలుగా చారలున్న నది ఇనుమును ఉక్కును చుట్టి కాచిన డమాస్కసు గొట్టమని యూహింపవచ్చును. అట్టివి పెక్కు నల్లమందు నుద్దేశించి చేసినవి. తెలిసినవానిచే పరీక్ష చేయింపక నేటి తూటా అందు పెట్టరాదు.

భద్రపఱచుటలో మనవారి బుద్ధి యెట్లు పనిచేయునో మాకు దెలియును: విలువైనది, అపాయకరమైనది యేదైనను ఇనుపపెట్టెకు జేరును. పొగలేని మందు విషయమున నిది తలక్రిందులు. వెలుపల పోసి యంటించిన నది భగ్గున మండునే కాని పేలదు. గట్టిగా మూసిన యినుపపెట్టెలో నగ్ని తగిలిన నా పెట్టెయే బాంబగును. అందుకే అమెరికా అగ్నిరక్షణ సంఘపు నియమావళి యింటిలో 20 పౌనుల మందు దాని సొంత డబ్బాలలో నుంచుకొన ననుమతించి, అంతకు మించి 50 పౌనులవఱకు అంగుళపు మందపు చెక్కపెట్టె కావలయునని చెప్పుచున్నది. ప్రైమరుల గుణము వేఱు. అవి నిజముగా పేలునవి. ఒకదానికొకటి తగులకుండ గదులుగా విభజించిన పెట్టెలలో కంపెనీ పంపు ప్రైమరులను చోటు కలిసివచ్చునని గాజుసీసాలో పోసి యుంచుట మూర్ఖత్వము. వానిలోని సీసపు ధూళి నెమ్మదిగా రక్తమున జేరును గనుక ఆ బల్లయొద్ద భుజింపరాదు. పిల్లలను నేలపై నాడనీయరాదు.

ఇంత యపాయమున్న పనిని శాసనముచే మాన్పింపరాదా యని యడుగువారు కలరు. ఆ దేశపు శాసనమును గూర్చి తీర్పు చెప్పుట మా పని కాదు. కాని యొక సంగతి మేము మెచ్చకుండ జాలము. తన చేత పగిలిన తుపాకిని దాచక, ఛాయాచిత్రము తీసి, ఇన్నవ గొట్టమునొద్ద నా మనస్సు చెదరినది, ఈ డబ్బాకు బదులు ఆ డబ్బా తీసితిని అని తోడివారి కెఱిగించు పెద్దమనుష్యు లచట నున్నారు. మనలో అట్టి ప్రమాదము జరిగిన తుపాకి నెపమగును, తూటా నెపమగును, తుదకు గ్రహచారము నెపమగును. చేయి మాత్రము నిర్దోషి. ఒప్పుకొన్న తప్పొక్కటి పది భద్రతాసూత్రములకంటె మిన్నగా పనిచేయునని మా నమ్మకము.

ఇక మిగిలినది మరణించినవాని బల్ల. తండ్రి పోయిన పిమ్మట గదిలో, తేదీయు మందుపేరును తూకమును వ్రాయని తూటాలపెట్టెలు కుమారునకు దొరకును. అవి ఆయన స్వహస్తముతో చేసినవని ప్రేమతో కాల్చ బూనుట సహజము. ఆ పని చేయరాదు. అమెరికాలో నున్నవారు వానిని నమ్మకమైన తుపాకి వ్యాపారికో పోలీసువారికో తెలియజేసి యప్పగింపవలయును. ఇచట పాత యిండ్ల యటుకలపై నట్టివి కనబడినవారు చేతితో విప్పి చూడక, యెండబెట్టక, దగ్గఱి పోలీసు ఠాణాకు కబురుపంపి, వారు వచ్చువఱకు పిల్లల నా గది కెక్కనీయకుందురు గాక.