కప్పని గొయ్యి



మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి కేన్సరు రోగులు 'కరెంటు' పెట్టించుకోవడానికి విశాఖపట్నం వెళ్ళడం తెలిసినదే. నిజానికి అది కరెంటు కాదు, రేడియేషను. కొన్ని యంత్రాలు స్విచ్చి ఆపితే ఆగిపోతాయి. కోబాల్టు-60 వంటి లోహం అలా కాదు. సీసపు కవచంలో ఉన్నా రాత్రింబవళ్ళు రేడియేషను వెలువరిస్తూనే ఉంటుంది. దాని బలం సగానికి తగ్గడానికే 5 ఏళ్ళు దాటుతుంది. వైద్యుని చేతిలో ప్రాణం నిలిపేది, కాపలా లేనిచోట ప్రాణం తీస్తుంది.

బ్రెజిల్ దేశంలోని గోయానియాలో ఒక వైద్యశాల వేరే చోటికి మారుతూ, సీసియం-137 ఉన్న యంత్రాన్ని పాత భవనంలోనే వదిలేసింది. 1987 సెప్టెంబరులో ఇద్దరు దాన్ని ఇనుముకని విప్పి అమ్మారు. లోపలి పొడి చీకట్లో నీలంగా మెరిసింది. వింతగా ఉందని అయినవారికి పంచిపెట్టారు. నలుగురు చనిపోయారు. వారిలో 6 ఏళ్ళ పాప ఒకతె. జబ్బులకు ఆ పొడే కారణమని అనుమానించి, దాన్ని సంచిలో ఆరోగ్యాధికారులకు చేర్చిన ఇనుము వ్యాపారి భార్య మరొకతె.

ఇది దూరదేశపు కథ అనుకోవద్దు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన పరిశోధన యంత్రంలోని కోబాల్టు-60 మాయాపురి ఇనుము బజారు చేరి, ఒకరి ప్రాణం తీసింది. 2019 జనవరిలో ఓ.ఎన్.జి.సి. వారి సీసియం-137 పెట్టె కనిపించకుండా పోయి, అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో పాత ఇనప సామాన్ల కొట్టులో దొరికింది. ఇవి ఆస్పత్రి వస్తువులు కావు గాని, దారి ఒక్కటే: యజమాని కాపలా దాటి బీదవాని చేతికి.

నిర్గమకాండము 21వ అధ్యాయం చూడండి. గొయ్యి త్రవ్వి కప్పనివాడు, అందులో పడిన ఎద్దుకు నష్టపరిహారం చెల్లించాలి. ఎద్దు ఎందుకు చూసుకోలేదని ధర్మశాస్త్రం అడగలేదు. ఊరూరా తిరిగి పాత ఇనుము కొనేవానికి చదువు లేదని నిందించడం మనకూ తగదు. యంత్రాన్ని ప్రార్థనతో ప్రారంభించిన ఆస్పత్రి, దాని పని ముగిసిన రోజున కూడా దానికి బాధ్యురాలే. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా దాన్ని అమ్మరాదు, పారవేయరాదు.

మేము వైద్యాన్ని తప్పు పట్టడం లేదు. కోబాల్టు యంత్రం క్రింద చికిత్స పొందినవారి ఒంట్లో రేడియేషను మిగలదు. వారిని దూరం పెట్టవద్దు. అయితే పిల్లలకు, ఇనుము పనిచేసే సహోదరులకు ఒక గుర్తు నేర్పుదాం: పసుపు పలకమీద నడుమ చుక్క, చుట్టూ మూడు రెక్కలు. ఆ గుర్తున్న పెట్టె కనబడితే తాకవద్దు, విప్పవద్దు. దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి.

ఎవరు త్రవ్విన గొయ్యి వారే కప్పే భయభక్తులు ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.