తోడేలిని పిలిచెడివారు

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు నంద్యాలలో మేము పత్రికలు చదువుకొను పఠనమందిరపు అరుగుమీద ఒక యువకుడు చేతిసంచినుండి చిన్న యంత్రమొకటి తీసి మీట నొక్కెను. గొర్రెపిల్ల అరపు. తల్లిని వెదకుచు, గొంతు పూడిపోవునట్లు అరచెడి అరపు. చదువుచున్న పెద్దలు తలలెత్తిరి. వీధికుక్కలు లేచి నిలిచినవి. "ఈ కూత చాలునండీ. ఎర్రమలల క్రింద తిరుగు తోడేలు నూరు గజముల లోపలికి రాక తప్పదు" అని యాతడు గర్వముతో జెప్పెను. వచ్చిన పిమ్మట ఏమి చేయుదురని మేమడిగితిమి. ఆతడు నవ్వెను. ఆ నవ్వున కర్థము చెప్పుటకు న్యాయవాది యక్కరలేదు.

ఈ విద్య క్రొత్తది గాదు. నీచమైనదని తోసివేయదగినదియు గాదు. తోడేలు కీకారణ్యపు మృగమని మనవారిలో ననేకుల భ్రమ. దట్టమైన నల్లమల పులికిని చిరుతకును నెలవు. తోడేలునకు వలయునది బయలు. తుమ్మయు రేగుపొదలును విరళముగా మొలచిన రాతిమెరకలు, గడ్డిబీళ్లు, కోత యైపోయిన జొన్నచేలు దాని కనువైన తావులు. కుందూనది లోయకు అంచుగా నిట్టి నేలలు కలవు. వేటగాడు మొదట వెదకునది కన్నుతో. తెల్లవారుజామున బండ్లబాటలోని మెత్తని దుమ్మును చూచును. ఊరకుక్క యడుగు గుండ్రన. తోడేలి యడుగు కొంచెము పొడవు, నడిమి వ్రేళ్లు రెండును ముందునకు జరిగియుండును. కుక్క ప్రతి పొదకును మూతి పెట్టుచు అడ్డదిడ్డముగా పోవును. తోడేలు వాయిదాకు పోవు కక్షిదారునివలె తిన్నగా పోవును. వెనుకకాలు ముందుకాలి జాడలోనే పడును. బాటలు కలియు చోట్ల అది విడిచిన మలములో వెండ్రుకలును ఎముకతునకలును కానవచ్చును. వేసవిలో మడుగుల యొద్ద జాడలు చిక్కును. చలికాలమున వాగుగట్టు బొరియలలోనో బండల సందులలోనో పిల్లలు పెట్టును. ఆ బొరియ లెచ్చట నున్నవో గొర్రెలకాపరికి తెలియును.

కన్ను చేయవలసిన పని చేసిన తరువాత గొంతు వంతు. గాలి పడిపోయిన సందెవేళ దోసిలి నోటికి జేర్చి, సన్నగా నెత్తి, నిలిపి, దించి కూయవలెను. పరుల కూత తమ పొలిమేరలో వినబడినప్పుడు పిల్లలుగల మంద ఒక్కొక్కప్పుడు బదులు పలుకును. ఒక్కొక్కప్పుడు చప్పుడు చేయక తొలగిపోవును. ఆకలిగొన్నది గొర్రెపిల్ల యరపునకు వచ్చును గాని, సూటిగా రాదు. చుట్టు తిరిగి గాలివాలునకు జేరి, వాసన పట్టిన పిమ్మటనే యడుగు ముందుకు వేయును. కనుక పిలుచువాడొకచోట, కాచుకొనువాడు వేరొకచోట కూర్చుందురు. మా మిత్రుని యంత్రము ఈ రెండవ పనివానిని తుపాకికి విడిచి, మొదటివానిని ఇంటికి పంపివేసినది. అంతే భేదము.

ఇక శాసనము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమున తోడేలు మొదటి షెడ్యూలులో, పులి సరసనే చేర్చబడినది. 9వ సెక్షను వేటను నిషేధించుచున్నది. వేట యనగా చంపుట మాత్రమే యని మన యువకులు తలంచుచున్నారు. పొరపాటు. ఆ చట్టపు నిర్వచనములో పట్టుట, ఉచ్చు పన్నుట, విషము పెట్టుట, తరుముట, ఎర చూపుట, వీనికై ప్రయత్నించుటయు వేటయే. గొర్రెపిల్ల ఎర యైనచో దాని గొంతు ఎర కాదని వాదించు ప్లీడరు ఉండవచ్చును. ఆ వకాలతు మేము పుచ్చుకొనము. మొదటి షెడ్యూలు జంతువును వేటాడిన నేరము రుజువైనచో 51వ సెక్షను క్రింద మూడేండ్లకు తక్కువ గాని శిక్ష, ఏడేండ్ల వరకు. ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు 11వ సెక్షను ననుసరించి అనుమతి నీయవచ్చును గాని, అది ఆ మృగము మనుష్యప్రాణమునకు అపాయకరమైనప్పుడో, కోలుకొనజాలనంత రోగముతోనో వైకల్యముతోనో యున్నప్పుడో మాత్రమే. గొర్రెలను తిన్నదను కారణము చాలదు.

ఇచ్చటనే అసలు చిక్కున్నది.

ఆళ్లగడ్డ తాలూకా కాపరి యొకడు మాయొద్దకు వచ్చెను. రెండు మాసములలో ఏడు గొర్రెలు పోయినవి. పరిహారమునకై అర్జీ పట్టుకొని కచేరి మెట్లెక్కెను. కళేబరము చూపుమనిరి. ఛాయాపటము తెమ్మనిరి. పశువైద్యుని పత్రము కావలెననిరి. కాపరి పశువులను మేపు బీటిలో నున్న రాత్రి వైద్యుడు పట్టణములో నుండును. "సామీ, తోడేలు తిన్న గొర్రెకు బొక్కలు యాడుంటాయి? వదిలిపెట్టిపోతే అది తోడేలెట్లయితాది?" అని యాతడు మమ్ము ప్రశ్నించెను. ఇరువదియేండ్ల న్యాయవాద వృత్తిలో మేమిట్టి సూటియైన ప్రశ్న నెదుర్కొని యెరుగము. ఆతనికి చట్టము తెలియదు. తెలిసినంత మాత్రమున మంద పెరుగదు. చట్టము తోడేలు వంక తిరిగి అభయమిచ్చి, కాపరి వంక తిరిగి పత్రములడుగుచున్నది. అట్టివాడు చచ్చిన మేకలో విషము పెట్టిననో, బొరియ నోట కంప వేసి పొగ బెట్టిననో, ఆ పాపములో సగము పట్టణమున పంకాక్రింద కూర్చున్న మనది కాదా?

తెల్లదొరల ప్రభుత్వము ఈ చిక్కును వేరొక విధముగ తీర్చెను. తోడేలిని చీడజంతువుల పద్దులో వ్రాసి, తెచ్చిన చర్మమునకు బహుమానము చెల్లించెను. 1875 మొదలు 1925 వరకు గల యేబదియేండ్లలో దేశమున సుమారు రెండు లక్షల తోడేళ్లు హతమై యుండునని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కగట్టెను. తమ దీవిలో తోడేలిని శతాబ్దములకు ముందే నిశ్శేషము చేసిన జాతికి ఇచ్చటి తోడేలును శత్రువుగనే కనబడుట వింత గాదు. మన భాష నడుగుడు: "నాన్నా, పులి వచ్చె" నని అరచిన కుర్రవాని కథ పరదేశములలో తోడేలి కథ, వారి గొర్రెతోలు కప్పుకొన్న తోడేలు మనకు మేకవన్నె పులి. మన పెద్దలు దుష్టత్వమునంతయు పులికి గట్టిపెట్టి తోడేలిని చాలవరకు విడిచిరి. భీమసేనుని వృకోదరుడని పిలిచి దాని యాకలిని గౌరవించిరి కూడ. (మా మిత్రులొకరు ఇది ఆతని భోజనమునకు చేసిన పరిహాసమనిరి. కావచ్చును. పరిహాసములోను చుట్టరికముండును గదా.)

నేడు ఆ పద్దు తిరుగబడినది. 2022లో ప్రకటింపబడిన పరిశోధనలో దేశమునందలి తోడేళ్లు సుమారు 3,100 అని యంచనా. ఆ సంవత్సరపు గణనలోనే పులులు 3,682. పులికి అభయారణ్యములు, ప్రత్యేక నిధులు, యాత్రికుల బండ్లు. పులికంటె తక్కువ సంఖ్య గల తోడేలికి పేరులేని బీడు. ఆ బీడును రెవిన్యూ లెక్కలలో బంజరు అందురు. బంజరన్న మాట వ్రాసినంతనే అది ఎవరికైన నీయదగినదగును. మన జిల్లాలోనే రోళ్లపాడు చూడుడు. బట్టమేకపిట్ట నిమిత్తము 1988లో 614 హెక్టార్ల గడ్డినేల అభయారణ్యముగ ప్రకటింపబడెను. కృష్ణజింకలు పెరిగినవి, తోడేళ్లును నెలకొన్నవి. చుట్టును కాలువలు, జలాశయము, మారిన పైరులు వచ్చినవి. ఎవరికై యా కంచె వేసిరో ఆ పక్షి యిప్పుడు కానవచ్చుట మిక్కిలి యరుదు. గని, శకునాల గ్రామముల రాతిభూములలో దాదాపు 6 వేల యెకరములమీద 2017లో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము వెలసెను. విద్యుత్తు వలదని మేమనము. ఈ వాక్యములు వ్రాయుచున్నది దీపము క్రిందనే. కాని ఆ భూమిని బంజరని వ్రాసిన కలము అచ్చట మేసిన గొర్రెనుగాని, గొర్రెవెంట వచ్చినదానినిగాని చూడలేదని మాత్రము చెప్పుదుము.

తోడేలు మనుష్యులకు నిరపాయమని వాదించుట మా యుద్దేశము గాదు. 2024లో ఉత్తరప్రదేశమునందలి బహరాయిచ్ జిల్లాలో పసిపిల్లలు పలువురు బలియైరి. ఏటిగట్టున పిల్లల మూత్రముతో తడిపిన బొమ్మలనుంచి మృగములను రప్పింప జూచినట్లు పత్రికలు ప్రకటించినవి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లియెదుట సంరక్షణశాస్త్రము ఉపన్యసించుటకు మాకు నోరు రాదు. 11వ సెక్షను ఉన్నది అట్టి దినమునకే. కాని మన కుందూలోయలో నేటి వ్యాజ్యము గొర్రెది, బిడ్డది గాదు. ఆ రెంటిని కలిపి భయము పుట్టించి తుపాకి కనుమతి కోరెడివారిని నమ్మరాదు.

పిలుచుట విడువవలెనని మేమనము. దేనికి పిలుచుచున్నామో తెలిసికొనవలెను. కనడా దేశమున ఆల్గోంక్విన్ వనములో 1963 మొదలు వేసవి రాత్రులయందు జనులు బాటప్రక్కన నిలిచి, ఉద్యోగులు కూయగా తోడేళ్ల బదులు వినుచున్నారు. తుపాకి లేదు. మన దేశములోను డెహ్రాడూనునందలి వన్యప్రాణి సంస్థ పరిశోధకులు మహారాష్ట్రములో తోడేళ్ల కూతలను పట్టి, ఒక్కొక్కదాని గొంతు వేరుగ గుర్తింపవచ్చునని, ఆ దారిని వానిని లెక్కింపవచ్చునని 2021లో ప్రకటించిరి. మన అహోబిలేశుని పార్వేట మాత్రమేమి? కనుమనాడు వేటకు బయలుదేరిన స్వామి నలువది దినములకు పైగా పల్లెపల్లెకు పల్లకిలో పోయి, తన కల్యాణమునకు రమ్మని జనులను పిలుచునని మన ప్రాంతపు పెద్దల మాట. ఆళ్లగడ్డ వీధిలో ఆ పల్లకి దిగినప్పుడు మేమును చేతులు జోడించితిమి. ఆ వేటలో పడిన మృగమేదని యెవ్వరు నడుగలేదు.

మా కోరిక లివి. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల బీళ్లలో తోడేళ్ల లెక్క కూతలచేతనే జరుగవలెను. బొరియ లెరిగిన కాపరులను కూలియిచ్చి ఆ పనిలో నియమింపవలెను. మందలో నష్టమైనప్పుడు కళేబరమునకై పట్టుపట్టక, గ్రామపంచాయతి యెదుట ఇరువురు తోటికాపరుల సాక్ష్యము చాలునని యుత్తరువు కావలెను. సొమ్ము మాసములోపల చేతికి రావలెను. దొంగసాక్ష్యములు వచ్చునని కచేరివారందురు. వచ్చును. న్యాయస్థానములోను వచ్చుచున్నవి, అందుచేత న్యాయస్థానములు మూయలేదు.

ఆ యువకుడు మరునాడు మరల వచ్చెను. ఆతని యంత్రములో గొర్రెపిల్ల గొంతుతో బాటు తోడేలి కూతయు నున్నదట. ఆ కాపరి అప్పుడు మాయొద్దనే కూర్చుండెను. రెండు చేతులును నోటికి జేర్చి తానును కూసి చూపెను. యంత్రముకన్న ఆతనిదే మేలని యువకుడే యొప్పుకొనెను. అర్జీ ప్రతి పఠనమందిరపు బల్లమీద నున్నది. మొదటి సంతకము ఆ యువకునిది. వ్రేలిముద్రలకు క్రింద చోటు విడిచితిమి.