వంటింటి రసాయనం: చేపకు చింతపండు

మా బళ్ళారిలో తుంగభద్ర చేపలకు కొదవలేదు. సముద్రపు చేప మాత్రం కార్వార్, మంగళూరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో రావాలి. మొన్నొక ఆదివారం మావారు బంగుడె తెచ్చారు. కోస్తావాళ్ళు కానాగంత అంటారు చూడండి, అదే. (దాని శాస్త్రీయ నామంలో ఉన్న 'కానగుర్త' మన తెలుగు పేరే!) కాస్త నీచువాసన వేసింది. "చింతపండు రసం, ఉప్పు వేసి రుద్దమ్మా, పోతుంది" అన్నారు అత్తమ్మ. రుద్దాను, పోయింది.

పియుసి రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి వెంటనే పాఠం మొదలుపెట్టింది. సముద్రపు చేప చచ్చాక బాక్టీరియా వల్ల ట్రైమిథైల్ అమీన్ పుడుతుందట. ఆ వాసన దానిదే. అమీన్ అంటే క్షారం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. ఆమ్లం ఇచ్చిన ప్రోటాన్‌ను అమీన్‌లోని నైట్రోజన్ పట్టుకుంటే లవణం తయారవుతుంది. లవణం గాలిలోకి లేవదు, నీళ్ళతో కొట్టుకుపోతుంది. నిమ్మరసమైనా అంతే.

"నమ్మవా?" అంటూ చేప కడిగిన నీళ్ళు గిన్నెలోకి తీసి, అత్తమ్మ తమలపాకుల డబ్బీలోని సున్నం కలిపింది. సున్నం బలమైన క్షారం కదా, ఇచ్చిన ప్రోటాన్ లాక్కుంది. వంటిల్లంతా మళ్ళీ నీచువాసన! అందరం ముక్కులు మూసుకుని నవ్వుకున్నాం.

పులుసు తిన్న అరగంటకు అత్తమ్మ ముఖం కందగడ్డలా అయింది. ఒళ్ళంతా దద్దుర్లు, తలపోటు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. డాక్టరుగారు చూసి, చేప ఎక్కడో ఐసు లేకుండా ఉండిపోయిందన్నారు. అలాంటప్పుడు బంగుడె వంటి చేపల కండలో హిస్టమిన్ పేరుకుంటుందట. అదీ అమీనే! కానీ వాసనతో పట్టుబడదు, ఎంత ఉడికించినా పోదు. పైపైన రుద్దిన చింతపండు దాన్నేం చేస్తుంది? నేను కడిగింది హెచ్చరికను మాత్రమే.

మందు వేశాక సాయంత్రానికి అత్తమ్మ తేరుకున్నారు. మాత్రల అట్ట మీద సెట్రిజిన్ హైడ్రోక్లోరైడ్ అని ఉంది. మా అమ్మాయి చదివి, "అమ్మా, ఇదీ అమీన్ లవణమే" అంది. ఇలాంటి మందులు నీళ్ళలో బాగా కరగాలని, చెడకుండా నిలవ ఉండాలని ఆమ్లంతో కలిపి లవణంగా చేస్తారట. హిస్టమిన్ పని చేసే చోట అడ్డుపడేది ఆ మాత్రే.

ఇప్పుడు మావారు చేప తెస్తే ముందు మొప్పలెత్తి ఎర్రగా ఉన్నాయా అని చూస్తున్నాను. అనుమానం వస్తే ఆ పూట పప్పే.