అడిగితే హాస్టలనే చెబుదాం

కాలేజీలో చేరిన మొదటివారంలో మనందరికీ ఎదురైన ప్రశ్న ఒకటుంది. బెంచీలో పక్కన కూర్చున్న కుర్రాడు పేరడిగాడు, ఊరడిగాడు, ఇంటర్లో ఎన్ని మార్కులొచ్చాయో అడిగాడు. అన్నిటికీ చెప్పాం. చివరికి "ఎక్కడుంటున్నావ్?" అన్నాడు. అక్కడ గొంతు తడబడింది. "రూమ్ తీసుకున్నాం, ఫ్రెండ్స్‌తో ఉంటున్నా" అనేశాం. మొన్న రాత్రి భోజనాలయ్యాక మెట్ల మీద కూర్చుని ఒకరినొకరు అడిగి చూసుకుంటే, అలా చెప్పనివాడు మా గదిలో ఒక్కడూ లేడు.

అబద్ధం చెప్పడం తేలికే, దాన్ని కాపాడుకోవడమే కష్టం. మన స్టాపుకు ముందు స్టాపులో బస్సు దిగి సందుల్లోంచి నడిచి రావాలి. నోట్సు కోసం రూముకొస్తానంటే "మా ఓనరు ఒప్పుకోడు రా" అనాలి. లేని ఓనరును మేం ఎంత చెడ్డవాణ్ణి చేశామో! స్నేహితుడు పుట్టినరోజుకు ఇంటికి పిలిస్తే ఏదో వంక చెప్పి మానేయాలి. వెళ్తే మనమూ పిలవాలి కదా.

ఇంతకీ మనం దాచింది ఏమిటి? తెల్లవారుజామున అయిదింటికే పంపు దగ్గర బకెట్ల లైను. తాళం పోయి తాడు కట్టిన ట్రంకుపెట్టె. కిటికీ ఊచలకు ఆరేసిన బట్టలు. పలుచటి సాంబారు. ఆదివారం కోడికూర గురించి శనివారం నుంచే మాటలు. అంతేనా? తెలుగు మీడియంలో చదివొచ్చి, మొదటి సెమిస్టర్లో పాఠం ఒక్కముక్క అర్థంకాక పుస్తకం మూసేసినప్పుడు, వరండాలో ట్యూబులైటు కింద కూర్చోబెట్టి విడమరిచి చెప్పిన సీనియరన్న కూడా ఇక్కడే ఉన్నాడు. స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కు ఆఖరిరోజున ఫోన్లో డేటా అయిపోతే, తన డేటా ఇచ్చి పూర్తిచేయించిన మిత్రుడూ ఇక్కడే ఉన్నాడు. అర్ధరాత్రి జ్వరమొస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, సెలైన్ ఎక్కుతున్నంతసేపూ మంచం పక్కనే కూర్చుని మర్నాటి పరీక్షకు చదువుకున్నదీ ఈ గదుల వాళ్ళే. సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలు మిరపకోతలకు వలసపోయి ఇంటికి తాళం పడితే, మనకు తెరిచి ఉండే తలుపు ఇదొక్కటే.

మరి సిగ్గు దేనికి? తిండికా, నీళ్ళకా? డబ్బుకట్టి ప్రైవేటు హాస్టళ్ళలో ఉంటున్న మన క్లాసువాళ్ళూ నీళ్ళ సాంబారే తింటున్నారు. వాళ్ళు ఆ సంగతి క్యాంటీన్లో నవ్వుతూ చెప్పుకుంటారు. మనం చెప్పుకోలేం. వాళ్ళ హాస్టలు పేరు చెబితే వీధి తెలుస్తుంది. మన హాస్టలు పేరు చెబితే కులం తెలుస్తుంది. బోర్డు మీద సాంఘిక సంక్షేమం అని రాసి ఉన్నా ఊరంతా పిలిచేది 'ఎస్సీ హాస్టలు' అనే. కాబట్టి మనం దాస్తున్నది సాంబారును కాదు, పుట్టుకను. దాచుకోవడానికి మనం చేసిన తప్పేమిటి? అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలోనే రద్దుచేసింది. ఎవరైనా సిగ్గుపడాలంటే ఆ పేరు వినగానే మొహం మార్చుకునేవాళ్ళు పడాలి.

ఈ హాస్టళ్ళు ఎవరో జాలిపడి వేసిన భిక్ష కావు. డాక్టర్ అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించాక తొలిరోజుల్లో చేపట్టిన పనుల్లో హాస్టలు ఒకటి. 1925లో షోలాపూర్‌లో అది మొదలైంది. పట్నంలో బడి ఉన్నా తల దాచుకునే చోటు లేకపోతే మన పిల్లలకు చదువు అందదని ఆయనకు తెలుసు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. బలహీనవర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల విద్యాభివృద్ధికి ప్రత్యేకశ్రద్ధ చూపాలని 46వ అధికరణం ప్రభుత్వానికి చెబుతోంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. అప్పుడు పూర్ణ వయసు 13 ఏళ్ళు. ఏ బడి నుంచి వచ్చారో లోకమంతా తెలిసినా వాళ్ళ ఎత్తు తగ్గలేదు.

దాచడంలో ఇంకో నష్టం ఉంది. పోయిన ఎండాకాలం మన మోటారు కాలిపోయి పదహారు రోజులు నీళ్ళు లేవు. అర్జీ రాసి సంతకాలు పెట్టమంటే కొందరు పెన్ను పట్టుకోలేదు. విలేకరి వచ్చి ఖాళీ బకెట్లతో నిలబడమంటే మాలో సగంమంది గోడ వెనక్కి పోయారు. పేపర్లో చూస్తే కాలేజీలో తెలిసిపోతుందని భయం. మర్నాడు వచ్చిన ఫోటోలో బకెట్లు ఎక్కువ, మనుషులు తక్కువ. నేనిక్కడ ఉండటం లేదన్నవాడు, ఇక్కడ నీళ్ళు లేవని ఎట్లా అడుగుతాడు?

అందరూ రేపే చెప్పేయాలని మేం అనడం లేదు. కులం తెలిశాక అద్దె ఇల్లు దొరకని అన్నలు, ప్రాక్టికల్ మార్కుల దగ్గర దెబ్బతిన్నామని బాధపడేవాళ్ళు మనలోనే ఉన్నారు. వాళ్ళ భయం ఉత్తది కాదు, దాన్ని ఎగతాళి చేయొద్దు. చెప్పగలిగినవాళ్ళు ముందు చెబితే రెండోవాడికి సులువవుతుంది.

మాలో ఒకడు ఈ మధ్యే ఇద్దరు స్నేహితులకు చెప్పేశాడు. ఒకడు ఆ వారం నుంచి వేరే బెంచీకి మారాడు. రెండోవాడు ఆదివారం వచ్చి, మనతోపాటు నేలమీద కూర్చుని కోడికూర తిని, "మా హాస్టల్ కన్నా ఇదే నయం రా" అన్నాడు. బెంచీ మారినవాడి గురించి మావాడు బాధపడలేదంటే అదింకో అబద్ధం. బాధపడ్డాడు. కానీ ఇప్పుడు మన స్టాపులోనే దిగి, మన గేటులోంచే దర్జాగా వస్తున్నాడు.

వార్షికోత్సవానికి వచ్చిన పూర్వవిద్యార్థులైన అన్నలకు ఒక్క మనవి. చదివిన కాలేజీ పేరు నలుగురిలో గర్వంగా చెబుతారు కదా, దాని పక్కనే ఈ హాస్టలు పేరు కూడా చెప్పండి. మీ పిల్లల్ని ఒకసారి తీసుకొచ్చి మీరు చాప పరచుకున్న మూల చూపించండి. మీరిచ్చే చందా మాకు అవసరమే, కానీ ఆ మాట అంతకన్నా అవసరం.

వచ్చే ఏడాది కొత్తగా చేరే తమ్ముళ్ళను పక్క బెంచీవాడు ఇదే ప్రశ్న అడుగుతాడు. వాళ్ళు లేని ఓనరును మళ్ళీ పుట్టించకుండా చూసే బాధ్యత మనదే.

- గది నెం. 7 విద్యార్థులు, బి.ఎస్సీ. రెండవ సంవత్సరం