పరంజా మీద ఎవరు, పటం ముందు ఎవరు?

నిర్మాణ ప్రమాదం జరిగిన ప్రతిసారీ తాడు తెగిందనో, మట్టిపెళ్లలు విరిగిపడ్డాయనో, మృతుడు హెల్మెట్ పెట్టుకోలేదనో కారణాలు వినిపిస్తాయి. పరంజా ఎక్కినవారెవరు, పటం గీసినవారెవరు అనే ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీలలో దళితులు, లంబాడాలు, వడ్డెరలు ఎందరో. రాయి కొట్టడాన్ని, మట్టి తవ్వడాన్ని వడ్డెరలకు కులవృత్తిగా అంటగట్టిన సమాజమే, యంత్రాలు వచ్చాక కూడా వారిని గోతి అంచునే నిలిపింది. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ‘ఈ గోతిలోకి దిగను’ అనగల స్వేచ్ఛ కూలీకి ఎక్కడిది?

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్, ప్రమాదాన్ని యజమాని దృష్టికి తెచ్చే హక్కును కార్మికుడికిచ్చింది. కానీ నిర్మాణరంగంలో భద్రతాధికారి నియామకం తప్పనిసరయ్యేది 250 మంది పనిచేసే చోటనే. పదిమందితో మూడంతస్తులు లేపే చోట ఫిర్యాదు వినేదెవరు? అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రే.

గడువు దాటితే గుత్తేదారుకు జరిమానా పడుతుంది. ఆ భయంతో సెంట్రింగ్ ముందే విప్పితే స్లాబు కూలేది కూలీ మీద. గడువుకున్న విలువ ప్రాణానికి లేకపోవడం నిర్వహణ లోపం మాత్రమే కాదు, నైతిక పతనం.

భద్రతా వ్యయాన్ని టెండరు పోటీ నుంచి వేరుచేయాలి. అడ్వాన్సు బాకీతో నిమిత్తం లేకుండా పని నిరాకరించే హక్కును చట్టం గుర్తించాలి. మృతుల సామాజిక నేపథ్యాన్ని ప్రమాద నివేదికలలో నమోదు చేయాలి. ఆ లెక్క తేలితేనే, మనం ‘దురదృష్టం’ అంటున్నది ఎవరి వంతుగా వస్తున్నదో తెలుస్తుంది.